కొట్టుకొచ్చిన కర్ర

ఇళ్లలోని మంచినీటి చేపల తొట్టెల్లో అందానికీ, చేపలు దాక్కోవడానికీ వేసే సహజమైన కర్రను ఆక్వేరియం వ్యాపారంలో డ్రిఫ్ట్‌వుడ్ అంటారు. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు. ఏటి ఒడ్డున ఉండేవాళ్లు కొట్టుకొచ్చిన కర్ర అంటారు, అర్థం అందులోనే ఉంది. వరదకో తుపానుకో వేళ్లతో సహా పెకలిన చెట్టు నీటిలో పడి, ఏళ్ల తరబడి నాని, రాళ్లకూ ఇసుకకూ ఒరుసుకుంటుంది. బెరడు పోతుంది. మెత్తని పైచెక్క కుళ్లి రాలిపోతుంది. చివరికి చేవ ఒక్కటే మిగిలి ఒడ్డుకు చేరుతుంది. చేపల తొట్టికి కావలసింది సరిగ్గా ఈ మిగిలిన చేవే.

కోస్తా ఆంధ్రలోని ఒంగోలు చుట్టూ ఇలాంటి కర్ర రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ఏటి దారి. నల్లమల కొండల్లో గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ కంభం చెరువును నింపి, పడమటి మెట్టలను దాటి, ఒంగోలుకు ఉత్తరంగా సాగి సముద్రంలో కలుస్తుంది. దక్షిణంగా మూసీ, పాలేరు ఉన్నాయి. ఇవన్నీ వానకు పొంగి, వేసవికి ఎండే ఏర్లు. అందుకే వీటి ఒడ్డున దొరికే మొద్దు కొన్నాళ్లు నీటిలో నాని, కొన్నాళ్లు ఎండలో పగిలి, మళ్లీ నీటిలో నానినదై ఉంటుంది. రెండోది సముద్రపు దారి. కొత్తపట్నం నుంచి వాడరేవు దాకా ఉన్న ఇసుక తీరంలో సరుగుడు తోటలూ తాటి వనాలూ ఉన్నాయి. తుపాను వచ్చిన ప్రతిసారీ వాటి మొదళ్లు అలల పాలై, మళ్లీ అలలతోనే ఒడ్డుకు వస్తాయి. 2010 మే 20న బాపట్ల దగ్గర తీరం దాటిన లైలా తుపాను లాంటివి ఈ తీరానికి కొత్త కాదు.

కొట్టుకొచ్చినది ఎవరిదన్న ప్రశ్న ఈ తీరంలో దాదాపు ఎనిమిది వందల ఏళ్ల నాటిది. చినగంజాం దగ్గరి మోటుపల్లి కాకతీయుల కాలంలో పెద్ద రేవు. అక్కడి వీరభద్రస్వామి ఆలయ మండపంలో ఒక స్తంభం మీద గణపతిదేవుడు 1244-45లో వేయించిన శాసనం ఉంది. చరిత్రకారులు దాన్ని అభయ శాసనం అంటారు. ఒక దేశం నుంచి మరో దేశానికి బయలుదేరిన ఓడలు గాలివానకు చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొస్తే, వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సరుకంతా పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారని ఆ శాసనమే చెబుతుంది. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చే వర్తకుల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణీతమైన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నానని రాజు ప్రకటించాడు. ఎగుమతి దిగుమతుల మీద ఆ సుంకం ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం, పట్టు, పగడం, మిరియాల లాంటి వాటికి వేర్వేరు రేట్లు కూడా చెక్కించాడు. అలలు ఒడ్డుకు తెచ్చిపడేసిన దానికి సొంతదారు ఉంటాడని, ఒడ్డున ఉన్నవాడికి బలం ఉన్నంత మాత్రాన అది అతనిది కాదని రాతి మీద రాయించిన తీరం ఇది. తెలుగు దేశపు చరిత్రలో ఇంతకన్నా గొప్ప శాసనాలు తక్కువ.

ఇంగ్లీషువాళ్ల కాలంలో న్యాయం తిరగబడింది. 1927 భారత అటవీ చట్టంలో కొట్టుకొచ్చిన కలప గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. 45వ సెక్షన్ ప్రకారం నీటిలో తేలుతున్న, ఒడ్డుకు చేరిన, మునిగిపోయిన కలప ఎవరైనా తమదని రుజువు చేసుకునేవరకు ప్రభుత్వానిదే. ఏర్ల వెంట టేకు దుంగలను తేలవేసి పంపే వ్యాపారం నడిచిన రోజుల్లో, దుంగల దొంగతనాన్ని ఆపడానికి పుట్టిన నిబంధన అది. ఆంధ్రప్రదేశ్‌కు 1967లో సొంత అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి నుంచి అనుమతి లేకుండా ఎండుకర్ర తెచ్చినా దాని ప్రకారం నేరమే. నల్లమల వాగుల్లో నున్నగా అరిగిన వేరుముక్క ఎంత అందంగా కనిపించినా అనుమతి లేకుండా ఇంటికి తెచ్చుకునే హక్కు లేదు.

నీటిలో కర్ర వేయడం గాజు తొట్టి కన్నా చాలా పాత అలవాటు. దక్షిణాదిలో కొత్త బావి అడుగున ఉసిరి చెక్క వేసే ఆచారం ఉంది. ఉసిరి కొమ్మ పడితే బావి నీరు తేటపడి తియ్యబడుతుందని పెద్దల నమ్మకం. ఆరో శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో భూమిలోపలి నీటిని గురించి రాసిన దకార్గళాధ్యాయంలో బావి నీటిని బాగుచేసే యోగం ఒకటి చెప్పాడు. అంజనం, తుంగముస్తలు, వట్టివేరు, రాజకోశాతకం, ఉసిరిక, వీటితో పాటు చిల్లగింజ. మురికిగా, చేదుగా, ఉప్పగా, వాసనగా ఉన్న నీరు వీటితో తేటపడి రుచిగా మారుతుందని ఆయన మాట. చిల్లగింజను నీళ్లకుండ లోపలి గోడకు అరగదీసి, బురదనీటిని తేర్చుకోవడం తెలుగు పల్లెల్లో కుళాయిలు వచ్చేదాకా నడిచింది. (ప్రకాశం, నెల్లూరు పల్లెల్లో ఇవాళ చిల్లచెట్టు అంటే చాలామందికి గుర్తొచ్చేది సర్కారు తుమ్మ. ఆ చెట్టు వేరు, ఈ చిల్ల వేరు.) ఉసిరిలోనూ తుమ్మలోనూ వగరుగా నాలుకకు తగిలే పదార్థం టానిన్. చేపల తొట్టిలో వేసిన మొద్దు నీటిని తేనీటి రంగుకు మార్చడానికి కారణం కూడా అదే.

టానిన్‌తో ఈ ప్రాంతపు పరిచయం ఇళ్లకే పరిమితం కాలేదు. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ వేసిన నీటిలో తోళ్లను నానబెట్టి పదును చేయడం ఒకప్పుడు మద్రాసు రాష్ట్రమంతటా పెద్ద పరిశ్రమ. తీరంలో బెస్తవాళ్లు నూలు వలలను వగరు చెక్కల కషాయంలో ముంచి ఆరబెట్టేవారు. అలా చేస్తే ఉప్పునీటిలో నూలు త్వరగా కుళ్లదు. నైలాను వలలు వచ్చాక ఆ పని ఆగిపోయింది. తెప్పల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. తేలికపాటి దుంగలను తాళ్లతో కట్టి చేసే తెప్పను వేట ముగిసి ఒడ్డుకు రాగానే విప్పి, దుంగలను ఇసుక మీద ఆరవేసేవారు. ఎప్పుడూ నీటిలోనే ఉంచితే దుంగ నీరు తాగి బరువెక్కుతుంది, ఓడపురుగు తొలుస్తుంది. కర్ర ఎందుకు తేలుతుందో, ఎప్పుడు మునుగుతుందో, ఉప్పునీటిలో ఏమవుతుందో కొత్తపట్నం పల్లెపాలెం మనుషులకు పుస్తకాలతో పని లేకుండానే తెలుసు. చెరువుల్లో తుమ్మకంప వేయడం ఇంకో పాత అలవాటు. ముళ్లకంప ఉన్నచోట దొంగవల పడదు, వేస్తే చిరుగుతుంది. ఆ కంప సందుల్లో పిల్లచేపలు కొర్రమీను నోటికి చిక్కకుండా పెరుగుతాయి. కంపకు పట్టిన పాచిని పరిగెలు తింటాయి. గాజు తొట్టిలో డ్రిఫ్ట్‌వుడ్ చేసే పనులన్నీ ఈ కంప చెరువులో ఎప్పటినుంచో చేస్తూనే ఉంది.

గాజు తొట్టి బయటినుంచి వచ్చింది. లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా అనే నీటి మొక్కను ఒక గాజు పాత్రలో పెట్టి, మొక్క ప్రాణవాయువు ఇస్తుంటే నీరు మార్చకుండా చేపలు బతుకుతాయని 1850లో నిరూపించాడు. ఆ ప్రయోగంలో మొదట వచ్చిన చిక్కు కుళ్లు. వాలిస్నేరియా ముదురాకులు కుళ్లి నీరు మసకబారింది. నత్తలను వేశాక అవి కుళ్లిన ఆకును తిన్నాయి, నత్తగుడ్లను చేపలు తిన్నాయి, నీరు తేటపడింది. తొట్టిలోని కుళ్లు ఎవరో ఒకరికి తిండి అయితే నీరు నిలుస్తుందన్న ఆ పాఠమే తర్వాత కర్రకూ వర్తించింది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో ఆక్వేరియం అన్న మాట వాడుకలోకి వచ్చింది.

తెలుగు తీరంలో చేపలను శాస్త్రదృష్టితో చూడటం అంతకన్నా ముందే మొదలైంది. విశాఖపట్నంలో పనిచేసిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ అక్కడ సేకరించిన రెండు వందల చేపల వర్ణనలనూ బొమ్మలనూ 1803లో ప్రచురించాడు. బెస్తవాళ్ల నోట విన్న తెలుగు పేర్లను వాటి పక్కనే రాశాడు. అయితే బతికున్న చేపను గాజు వెనక చూడాలంటే ఈ ప్రాంతం వాళ్లు మద్రాసు వెళ్లాల్సిందే. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్స్టన్ పూనికతో మెరీనా ఒడ్డున 1909లో ఆక్వేరియం తెరిచారు. భారతదేశంలో అదే మొదటిది. మద్రాసు నుంచి బెజవాడ రైలుమార్గం 1899లో పూర్తయింది కనుక ఒంగోలు నుంచి పట్నం ప్రయాణం ఒక రాత్రి పనిగా మారింది. మెరీనా ఆక్వేరియంలో సముద్రపు చేపలుండేవి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను భయంతో పట్నం ఖాళీ అయిన రోజుల్లో అది మూతపడింది.

ఒంగోలు లాంటి ఊళ్లలో ఇంటికి చేరిన మొదటి బయటిదేశపు చేపలు అందం కోసం వచ్చినవి కావు. మలేరియా దోమ పిల్లలను తింటాయని గప్పీలను 1908లో, గంబూసియాను 1928లో దేశంలోకి తెచ్చారు. బావుల్లో, కుంటల్లో, మురుగు కాలువల్లో వాటిని వదిలారు. ఆ కాలువల నుంచే పిల్లలు గప్పీలను గుడ్డతో పట్టి, గాజు సీసాలో వేసి, కిటికీలో పెట్టుకున్నారు. మొదటి ఆక్వేరియం చాలా ఇళ్లలో ఆ సీసాయే.

నీటి సంగతి వేరుగా చెప్పుకోవాలి. ప్రకాశం జిల్లాలో దేని చరిత్ర రాసినా నీటి దగ్గర ఆగక తప్పదు. ఫ్లోరైడు వల్ల ఎముకలు వంగిపోయే జబ్బును దేశంలో మొదట గుర్తించి ప్రకటించింది 1937లో, నాటి నెల్లూరు జిల్లా నుంచి. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు అప్పుడు ఆ జిల్లాలోనివే. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి దానిలో కలిశాయి. రెండేళ్ల తర్వాత జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ఫ్లోరైడు ఎక్కువగా ఉండే భూగర్భజలంలో సాధారణంగా బైకార్బనేటు కూడా ఎక్కువ, క్షారగుణం ఎక్కువ. తీరం వైపు వస్తే ఉప్పు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలాక ఒంగోలు ఊరికి కృష్ణా నీరు అందింది. కాలువ వచ్చినప్పుడు నింపుకుని, రానప్పుడు వాడుకునే మంచినీటి చెరువుల మీద ఊరు ఆధారపడింది. ఇలా ఒకే ఊళ్లో కుళాయి నీరు ఒక రకం, బోరు నీరు మరో రకం అయ్యాయి. చేపలు పెంచేవాడికి ఈ తేడా కర్ర కన్నా ముఖ్యం.

గాజు తొట్టెలు పట్టణాల ఇళ్లలోకి వచ్చిన తొలి రోజుల్లో అవి ఇనుప యాంగిల్ చట్రానికి పుట్టీతో అద్దాలు అతికించినవి. బరువెక్కువ, తుప్పెక్కువ. తర్వాత సిలికాన్ జిగురుతో అద్దానికి అద్దం అతికే తొట్లు వచ్చాయి. లోపల రంగు గులకరాళ్లు, వాటి కింద ఫిల్టరు పలక, బుడగలు వదిలే ప్లాస్టిక్ బొమ్మ, వెనక సముద్రగర్భం ఫొటో. కర్రకు అక్కడ చోటు లేదు. నీటిలో కర్ర వేస్తే కుళ్లుతుందనే భయం ఒక కారణం. తొట్టెలో ఉన్న చేపలకు కర్రతో అవసరం లేకపోవడం ఇంకో కారణం. గోల్డ్‌ఫిష్‌కు ఖాళీ నీరు కావాలి.

కర్రను కోరే చేపలు దక్షిణ అమెరికావి. అమెజాన్ పరీవాహకంలో వరద కాలంలో అడవి అడవంతా నీటిలో ఉంటుంది. ఏంజెల్, డిస్కస్ లాంటి పల్చటి ఒళ్లున్న చేపలు మునిగిన కొమ్మల మధ్య తిరుగుతాయి. అక్కడి రియో నీగ్రో పేరుకు తగ్గట్టు నల్లని ఏరు. అడవి ఆకూ కర్రా వదిలిన హ్యూమిక్ ఆమ్లాలతో దాని నీరు డికాక్షన్ రంగులో, బాగా పుల్లగా ఉంటుంది. నియాన్ టెట్రా 1936లో, కార్డినల్ టెట్రా 1956లో శాస్త్రంలో నమోదై లోకమంతా పాకాయి. వాటి పుట్టిల్లు ఎలా ఉంటుందో తెలిసే కొద్దీ తొట్టిలో వేరు, మొద్దు, ఆకు పెట్టడం అర్థవంతమైన పని అయింది. 1982లో జపానులోని నీగాతలో తకాషి అమానో స్థాపించిన సంస్థ ఆ పనిని కళగా మార్చింది. ఆయన తొట్టెల్లో వేరుమొద్దు అడవిలో పడిన చెట్టులా కనిపిస్తుంది. దాని మీద నాచు, దాని నీడలో ఫెర్న్, వెలుగు పడిన చోట గడ్డి. ఆయన చివరి పెద్ద పని లిస్బన్ ఓషనేరియంలో 40 మీటర్ల పొడవున్న నీటి అడవి. అది తెరిచిన 2015లోనే ఆయన కన్నుమూశారు.

ఒంగోలుకు ఈ గాలి సోకడానికి రొయ్య దారి వేసింది. 1990ల్లో కొత్తపట్నం, సింగరాయకొండ వైపు తీరమంతా రొయ్యల చెరువులు తవ్వారు. 1994లో తెల్లమచ్చ జబ్బు ఆ చెరువులను ఊడ్చేసింది. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల సాగుపై సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చింది. సాగు పడుతూ లేస్తూ సాగింది కానీ, ఆ దెబ్బల మధ్య తీరం ఒక భాష నేర్చుకుంది. పీహెచ్, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, అమ్మోనియా, ఎయిరేటర్, ప్రోబయోటిక్ అన్న మాటలు పదో తరగతి దాటని రైతు నోట కూడా తేలిగ్గా పలికాయి. నీటిని సీసాలో పట్టి ల్యాబుకు తీసుకెళ్లడం, చుక్కల మందు వేసి రంగు చూసుకోవడం అలవాటయ్యాయి. తొట్టి పెంపకానికి కావలసింది కూడా ఈ చదువే. నాలుగడుగుల తొట్టి నాలుగెకరాల చెరువుకు చిన్నరూపం. ఆ ఏళ్లలోనూ తర్వాతా వాస్తు పేరుతో ఆరోవానా, తల మీద బుడిపె ఉన్న ఫ్లవర్‌హార్న్ హాలుల్లోకి వచ్చాయి. చెన్నై కొళత్తూరు అలంకార చేపల పెంపకానికీ టోకు అమ్మకానికీ దేశంలోనే పెద్ద కేంద్రంగా ఎదిగింది. ఆక్సిజన్ నింపిన సంచుల్లో చేపలు, అట్టపెట్టెల్లో మొక్కలు, వాటితో పాటు మలేషియా కర్ర, ఆఫ్రికా మోపానీ, సాలెగూడులా అల్లుకున్న అజీలియా వేళ్లు జిల్లా పట్టణాల దుకాణాలకు చేరాయి. కర్రను కిలోల్లో తూచి అమ్ముతారు.

కర్ర నీటిలో పడ్డాక జరిగేది ఒక క్రమంలో జరుగుతుంది. మొదట తేలుతుంది. నిజానికి కర్ర కణాల గోడలు నీటికన్నా ఒకటిన్నర రెట్లు బరువైనవి. తేల్చేది కణాల లోపలి గాలి. నీరు లోపలికి పాకి ఆ గాలిని తరిమేస్తే ఏ కర్రయినా మునుగుతుంది. సండ్ర, చింతచేవ లాంటి బరువైనవి త్వరగా మునుగుతాయి. తేలికైనవి నెలలు తీసుకుంటాయి. ఉడకబెట్టడం ఈ పనిని తొందర చేస్తుంది. పెద్ద గుండిగలో ముంచి గంట ఉడికిస్తే మొదటి నీళ్లు చిక్కని డికాక్షన్ రంగుకు వస్తాయి. పారబోసి మళ్లీ పోస్తే రెండోసారి ఇటుక రంగు, మూడోసారి లేత టీ రంగు. ఆ మార్పు చూసినవాళ్లకు వలలకు కషాయం పట్టించిన పాత పద్ధతి గుర్తుకొస్తుంది. ఎన్నిసార్లు ఉడికించినా రంగు పూర్తిగా పోదు, తొట్టిలో నెలల తరబడి దిగుతూనే ఉంటుంది. అది చేపకు హాని చేయదు.

కొత్తవాళ్లను భయపెట్టేది రెండో వారం. మొద్దు మీద, ముఖ్యంగా నరికిన కొసల దగ్గర, తెల్లని జిగట పొర లేస్తుంది. దగ్గరగా చూస్తే దూదిపింజను పాలలో ముంచి అతికించినట్టు ఉంటుంది, నీరు కదిలితే ఊగుతుంది. అది కర్రలో మిగిలిన చక్కెరలను తినే బూజు, బాక్టీరియా. నత్తలు, చిన్నరొయ్యలు దాన్ని ఆత్రంగా తింటాయి. మూడు నాలుగు వారాల్లో తిండి అయిపోయి పొర దానంతటదే పోతుంది. వారింగ్టన్ తొట్టిలో నత్తలు చేసిన పనే ఇది. చాలామంది ఈ దశలోనే మొద్దును తీసి పారేస్తారు. ఇంకో నెల ఓపిక పడితే దానిమీద పచ్చటి పాచి పడుతుంది. అప్పటినుంచి అది తొట్టికి ఆస్తి. మొద్దు మెత్తబడి, గోటితో గీరితే పొట్టు రాలి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తేనే తీసేయాలి. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడుది, చేపను చంపుతుంది. చేవ లేని కర్రకు, పచ్చిగా నరికిన కర్రకు ఈ గతి పడుతుంది.

కర్ర వేస్తే నీరు పుల్లబడి పీహెచ్ తగ్గుతుందని ఎక్కడ చూసినా చెబుతారు. ఆ మాట మెత్తని నీటికి నిజం. ఒంగోలు బోరు నీటిలో బైకార్బనేటు అంత ఉన్నప్పుడు కర్ర వదిలే కొద్దిపాటి ఆమ్లం అందులో పడి అణగిపోతుంది. మొద్దు పక్కన మొద్దు పెట్టినా పీహెచ్ కదలదు. అందుకే ఈ నీటిలో డిస్కస్ కోసం కర్ర మీద ఆశ పెట్టుకోవడం వృథా. దానికి వాననీరో, ఆర్.ఓ. నీరో కలపాలి. ఇక్కడ కర్ర విలువ మందుగా కాదు, నీడగా. పిరికి చేప దాక్కుంటుంది, పోట్లాడే చేపకు ఎదుటి చేప కనిపించకుండా అడ్డం వస్తుంది, పీల్చే నోటి చేపకు గీరుకుని తినడానికి పాచి దొరుకుతుంది. గట్టినీటిని ఇష్టపడే గప్పీ, మోలీలకు, ఈ నేల చెరువుల్లోనే పుట్టిన పరిగెలకు, బొమ్మిడాయిలకు ఇంతకన్నా మంచి ఇల్లు లేదు.

ఏ కర్ర అన్నదానికి సమాధానం దుకాణంలో కన్నా ఊరి చుట్టూ ఎక్కువ దొరుకుతుంది. సర్కారు తుమ్మ మనకు 1877లో కడప ప్రాంతంలో విత్తిన విత్తనాలతో వచ్చింది. ఎండిన నేలకు పచ్చదనం, ఊరికి వంటచెరకు ఇస్తుందని నాటారు. ఇప్పుడు ప్రకాశంలో అది లేని గట్టు లేదు, చెరువు కట్ట లేదు. పొక్లెయిన్లతో పెకలించి బొగ్గు బట్టీలకు పంపుతున్నారు. ఏళ్లు ఎండి, బెరడు ఊడి, ఎర్రని చేవ బయటపడిన దాని వేరుమొద్దు దిగుమతి కర్రకు ఏ విధంగానూ తీసిపోదు. నల్లతుమ్మ, చింత, జామ కూడా పనికొస్తాయి. పాలు కారే చెట్లు, విషమున్న చెట్లు, జిగురుండే దేవదారు జాతివి పనికిరావు. గన్నేరు ముక్కను దగ్గరికి రానీయకూడదు. మడ అడవుల్లో పెరిగే తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. మడలో ఏ చెట్టు కొమ్మనూ ముట్టుకోకూడదు, తీరానికి అవే కోట. సముద్రపు ఒడ్డున దొరికిన మొద్దులో ఉప్పు లోపలిదాకా ఉంటుంది. రోజూ నీళ్లు మారుస్తూ వారాల పాటు నానబెట్టాలి. ఓడపురుగు తొలిచిన రంధ్రాలు మాత్రం చిన్న చేపలకు గూళ్లవుతాయి.

పత్తి, మిరప నేలలో ఒక జాగ్రత్త ఎక్కువ తీసుకోవాలి. 1980ల్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు పత్తి చేలల్లోకి వచ్చాయి. పచ్చపురుగు వాటికి లొంగకుండా పోయి, 1987-88లో గుంటూరు, ప్రకాశం పత్తి రైతులు అప్పుల్లో కూరుకుపోయారు, ప్రాణాలు తీసుకున్నారు. మనిషి ఒళ్లు తట్టుకోగలిగినంత కొద్ది మోతాదు పైరిత్రాయిడ్ కూడా చేపను చంపుతుంది. ఈ మందు నీటిలో కరగకుండా బురదకూ, కుళ్లిన ఆకుకూ, కర్రకూ అంటుకుంటుంది. 2011 మే నెలలో సుప్రీంకోర్టు ఆపించిన ఎండోసల్ఫాన్ కూడా చేపలకు ఇలాంటి శత్రువే. కనుక మిరప చేల మురుగు కాలువలో నానిన మొద్దు ఎంత నున్నగా అరిగినా తొట్టికి పనికిరాదు. ఉడికిస్తే బూజు చస్తుంది, మందు పోతుందన్న భరోసా లేదు. బీడు గట్టు మీది మొద్దు, పాత చింతతోపులో పడిన కొమ్మ, గుండ్లకమ్మ ఇసుకలో ఎండిన వేరు ఇంతకన్నా నమ్మదగినవి.

కర్రతో పాటు ఇళ్లలోకి వచ్చిన చేపల్లో ఒకటి ఇప్పుడు రాష్ట్రానికి కంటకమైంది. అద్దాన్ని అంటిపెట్టుకుని పాచి తింటుందని, మొద్దును గీరుతుందని సక్కర్ చేపను కొన్నారు. అడుగు దాటి పెరిగాక తొట్టి చాలక చెరువులో, కాలువలో వదిలారు. ముళ్ల కవచం ఉన్న ఆ చేపను ఇక్కడి ఏ చేపా తినలేదు. అది గట్లను తొలిచి గుడ్లు పెడుతుంది, వలలను కోస్తుంది, సాగు చేపల మేతను లాగేసుకుంటుంది. ఆంధ్ర చెరువుల్లో రైతులు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. తొట్టిలోని ఏ చేపనూ, ఏ మొక్కనూ బయటి నీటిలో వదలకండి. పెరిగిన సక్కర్‌ను తిరిగి దుకాణానికే ఇవ్వండి. కర్ర కావాలనుకుంటే ముందు ఊరి పొలిమేర దాకా వెళ్లండి. ఎవరిదో ఆ గట్టు కనుక్కుని అడిగితే, పీకి పారేసిన తుమ్మమొద్దును ఏ రైతైనా ఊరికే ఇస్తాడు.